ముప్పై అంగుళాలు

"పొద్దున రేడియోలో మీ అన్నయ్య ఏమన్నాడు?"

వెతుకులాట చూస్తున్న అధికారిణి డయస్ రెండోసారి అడిగింది. స్వెర్రె రేవు చెక్కల మీద నిలబడి ఉన్నాడు. ఏడుపు రావాలి, రావడం లేదు.

"ఎరదారం ముప్పై అంగుళాలు కట్టానన్నాడు."

"దారం గొడవ నాకెందుకు? ఎక్కడున్నానన్నాడు?"

"దక్షిణాన, నల్లరాళ్ల దగ్గర. అందుకే అక్కడ ఉండడు."

ఆమె నొసలు ముడిచింది. పక్కనున్న ముసలి హోకన్ అందుకున్నాడు.

"ఐలిఫ్ రేడియోలో నిజం చెబితే ఆ పూట సూర్యుడు పడమట పొడుస్తాడమ్మా!"

ఆ రేవులో సాల్మన్ పట్టేవాళ్లంతా రేడియోలో బొంకేవాళ్లే. చేపలున్న చోటు బయటపెడితే పదిమందీ వచ్చి పడతారు మరి. అయితే ఐలిఫ్ తీరే వేరు. సొంత తమ్ముణ్ణి కూడా ఇరవై ఏళ్లుగా సముద్రమంతా తిప్పుతున్నాడు. తూర్పంటే పడమర. లోతు అంటే పైపైన.

దారం మాటా అంతే. పడవ వెనక ఈడ్చే తళుకు రేకుకీ ఎరకీ మధ్య కట్టే దారం అది. పొట్టిదైతే ఎర ఎగిరెగిరి పడుతుంది, పొడుగైతే నిదానంగా ఊగుతుంది. ఏ చేపకి ఎంత కట్టాలన్నది ఎవడి గుట్టు వాడిది.

ఈ పొద్దున కూడా ఐలిఫ్ గొంతు రేడియోలో హుషారుగానే వినిపించింది. "ఒరే తమ్ముడూ, ముప్పై కట్టి నల్లరాళ్ల దగ్గరికొచ్చెయ్. పుట్టలు పుట్టలుగా ఉన్నాయిరా!"

'అబద్ధమాడినా అతికినట్టుండాలి అన్నయ్యా' అని నవ్వుకుని, స్వెర్రె నలభై రెండు కట్టుకుని ఉత్తరానికి పోయాడు. ఒక్క చేప పడలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి "పడవలోకి నీళ్లు..." అన్న ముక్క వినబడింది. అంతే, ఐలిఫ్ రేడియో మూగబోయింది.

"ఉన్నవి నాలుగు పడవలు," అంది డయస్. "చూస్తే ఇంత పొగమంచు. ఈ నీళ్లలో రక్షణ దుస్తులున్నా మనిషి సాయంత్రం దాటడు. రెండు పడవలు అటు, రెండు ఇటు పంపనా?"

"వద్దండీ. సగం సగం వెతికితే ఎక్కడా దొరకడు. ముప్పై అన్నాడంటే నలభై రెండు, దక్షిణమన్నాడంటే ఉత్తరం. మా అన్న సంగతి నాకు తెలీదా? అన్నీ ఉత్తరానికే పంపండి."

హోకన్ కూడా తలూపాడు. నాలుగు పడవలూ ఉత్తరానికి పోయాయి. స్వెర్రెను మాత్రం, తప్పిపోయినవాడి తమ్ముడని, ఎక్కనివ్వలేదు.

రెండు గంటలైంది. నాలుగూ అయింది. "ఇక్కడేం లేదు," అంటున్నాయి పడవలు, ఒకదాని తర్వాత ఒకటి. స్వెర్రె వింటున్నాడు. మాటలు చెవిలో పడుతున్నాయే గాని లోపలికి దిగడం లేదు. ఎవరో చేతిలో పెట్టిన కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

ఆరవుతుండగా ఐలిఫ్ భార్య రగ్నా వచ్చింది. పొరుగు ద్వీపంలో పనికిపోయిన మనిషి, కబురు అందగానే బయల్దేరి ఇప్పుడే ఓడ దిగింది. నేరుగా మరిది దగ్గరికొచ్చి నిలబడింది.

"పడవలన్నీ ఉత్తరానికి పోయాయంటున్నారు. ఎందుకు?"

"నల్లరాళ్ల దగ్గరున్నానన్నాడు వదినా. దారం కూడా ముప్పై కట్టానన్నాడు. అన్నయ్య మాట మనకి తెలిసిందే కదా."

రగ్నా దక్షిణం వైపు తిరిగి చూసింది.

"ముప్పైయే కట్టాడు స్వెర్రే. ఈ ఏడు నీకు చేపలు పడటం లేదని, ఇకమీదట తమ్ముడికి నిజమే చెబుతానని పొద్దున నా ముందు ఒట్టేసుకుని మరీ వెళ్లాడు."