కాస్త నెమ్మదిగా పోట్లాడండి

"ఈ కుట్టు కుట్టిందెవరు? చేత్తోనా, కాలితోనా?"

హెడ్‌మిస్ట్రెస్ గొంతు లేవగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా సూదులు ఆపేశారు. సినిమా మొదలవబోతోందన్నట్టు కుర్చీలు సర్దుకున్నారు.

ఆవిడ ఏ బడిలోనూ పనిచేయలేదు. అరవై దాటిన గృహిణి. పక్కవాళ్ల పనిలో తప్పులు పట్టే తీరు చూసి ఈ కుట్టు స్టూడియోవాళ్లు తగిలించిన పేరది.

"నేనే కుట్టాను ఆంటీ. కళ్లజోడు తుడుచుకుని చూడండి, చేత్తో కుట్టిందేనని తెలుస్తుంది," అంది మిరపకాయ. ముప్ఫైల్లో ఉన్న ఈ అమ్మాయికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు.

అదొక మేడమీది పొడవాటి హాలు. కిటికీల వెంట కుట్టు మిషన్లు, నడుమ పెద్ద బల్ల, మూలమూలనా గుడ్డముక్కల బుట్టలు. సరదా ఉన్నవాళ్లెవరైనా సభ్యులుగా చేరి బొంతలు కుట్టుకోవచ్చు. ఈసారి అందరూ కలిసి ప్రదర్శన కోసం ఒకే పెద్ద బొంత కుడుతున్నారు. చుట్టూ రావలసిన ముక్కలన్నీ ఎప్పుడో అయిపోయాయి. నడిమి ముక్క మాత్రం ఈ ఇద్దరి పాలబడింది. ఒకరు కుట్టింది ఇంకొకరు విప్పుతారు. విప్పింది మళ్లీ కుడతారు. పాపం, ఆ గుడ్డ జల్లెడైపోయింది.

"ఎరుపు పక్కన నారింజ పెడతారా ఎవరైనా? కళ్లు మండిపోతున్నాయి!"

"మీ బూడిదరంగు కంటే నయం. బొంత కప్పుకుంటే నిద్ర రావాలి ఆంటీ, చూస్తేనే రాకూడదు."

"నిన్ను కట్టుకున్నవాడెవడో గానీ, వాడి ఓపికకి దణ్ణం పెట్టాలి."

"ఓపికా పాడా! నోరు తెరవడం నేర్పకుండా పెంచింది వాళ్లమ్మ."

హెడ్‌మిస్ట్రెస్ చేతిలో కత్తెర గాల్లోనే టకటకలాడింది. బస్సు నడిపి రిటైరై, సంచులు కుట్టడం నేర్చుకుందామని చేరిన బాబాయి తన కుర్చీని ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. సంచి మొదలుపెట్టి చాలా కాలమైంది. దానికి ఇంకా అడుగు లేదు.

సభ్యులకి వినోదంగానే ఉంది గానీ, స్టూడియో నడిపే మేడమ్‌కే ప్రాణం మీదికొచ్చింది. కింది అంతస్తులో పళ్ల డాక్టరు క్లినిక్కు. బిల్డింగు కూడా ఆయనదే. ఆ మధ్యాహ్నం ఆయన చేతి తొడుగులు కూడా తీయకుండా మెట్లెక్కి వచ్చాడు.

"నా పేషెంట్లు కూడా అంత గట్టిగా అరవరమ్మా! పైనుంచి వచ్చే కేకలన్నీ నా కుర్చీలోంచి వస్తున్నాయనుకుని, వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. ఆ ఇద్దరిలో ఒకరిని పంపేస్తారా, హాలు ఖాళీ చేస్తారా?"

హాలు పోతే స్టూడియో పోయినట్టే. ఇంత పెద్ద బల్ల పట్టే చోటు ఊళ్లో ఇంకెక్కడ దొరుకుతుంది? మేడమ్ ముందు హెడ్‌మిస్ట్రెస్‌ని స్టోర్‌రూమ్‌లోకి పిలిచింది.

"మీరు పెద్దవారు. ఆ అమ్మాయిని రేపట్నుంచి రావద్దంటాను. మీరు ప్రశాంతంగా కుట్టుకోండి."

ఆవిడ మొహం పాలిపోయింది.

"అయ్యో, అంత పని చెయ్యకమ్మా! నాకెందుకు ప్రశాంతత? ఇంట్లో కావలసినంత ఉంది. ఏమన్నా 'సరే' అంటారు, కూరలో ఉప్పు మరిచిపోయినా 'బావుంది' అంటారు. ఎదురు చెప్పే దిక్కే లేదు. ఆ పిల్ల వల్లే నాకు అన్నం అరుగుతోంది."

మేడమ్‌కి అంతు పట్టలేదు. సరే, అటునుంచి నరుక్కొద్దామని మిరపకాయని పిలిచింది.

"నీ బాధ నాకర్థమైందమ్మా. ఆ పెద్దావిడనే మానిపిస్తాను."

అమ్మాయి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"వద్దు మేడమ్! ఇంట్లో నాకు నోరే లేదు. చుట్టాలంతా వాళ్ల పిల్లలకి నన్ను చూపించి, అణకువంటే అదీ అంటారు. ఇక్కడికొచ్చేదాకా పళ్లు బిగబట్టి ఉంటాను. ఆంటీ లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. కావాలంటే డాక్టరుగారి కాళ్లు నేను పట్టుకుంటాను."

మేడమ్ తల పట్టుకుంది. చివరికి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తీర్పు చెప్పింది.

"పోట్లాడుకోండి. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే గుసగుసగా పోట్లాడుకోండి."

ఆ సాయంత్రం హాలంతా ఎన్నడూ లేని నిశ్శబ్దం. నడిమి ముక్క మీదికి ఇద్దరూ వంగి, మొహంలో మొహం పెట్టి, పెదాలు కదిలించి కదిలించి తిట్టుకున్నారు. "ఏమంటోంది? ఏమంటోంది?" అంటూ మిగతావాళ్లు బల్ల మీదికి ఎగబాకారు. వినికిడి తక్కువైన బాబాయికైతే ఏడుపొక్కటే తక్కువ. పెద్దగా తిట్టుకోమని బతిమాలాడు. కింద డాక్టరు మాత్రం మొదటిసారిగా ఒక పన్ను ప్రశాంతంగా పీకాడు.

విచిత్రం ఏమిటంటే, తిట్టుకుంటూనే నడిమి ముక్క పూర్తి చేసేశారు. ఎరుపు, నారింజ, బూడిదరంగు అన్నీ ఉన్నాయి అందులో. చూడ్డానికి భయంకరంగా ఉంది. కళ్లు మాత్రం తిప్పుకోలేం.

ఎప్పటిలాగే ముందు పెద్దావిడ, కాసేపాగి ఆ అమ్మాయి వెళ్లిపోయారు. మేడమ్ పనికిరాని గుడ్డపీలికలన్నీ ఒక సంచిలో కూరి, పారేద్దామని వెనక సందులోకి వెళ్లింది.

అక్కడ గోడ వారగా స్కూటరు ఆగి ఉంది. హెడ్‌మిస్ట్రెస్ గడ్డం పైకెత్తి బుద్ధిగా నిలబడి ఉంది. మిరపకాయ ఆవిడకి హెల్మెట్ పెట్టి, పట్టీ బిగిస్తోంది.

"ఎక్కండత్తయ్యా, మీ అబ్బాయి ఇంటికొచ్చే వేళయింది, ఇక ఇద్దరం మంచివాళ్లమైపోదాం."