రంగు చుక్కల పాఠం

మొదటి పేజీలో పన్నెండు ఉంది. అది ఎవరికైనా కనపడుతుంది. ఆదిల్ టక్కున చెప్పాడు.

అల్ఫియా రెండో పేజీ తిప్పింది. నిండా రంగు చుక్కలు, మధ్యలో వేరే రంగు చుక్కలతో దిద్దిన ఒక అంకె.

"మూడు," అన్నాడు ఆదిల్.

అక్కడున్నది మూడు కాదు. ఇంకో నాలుగు పేజీలు తిప్పేసరికి వాడు పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు, దూరం పెట్టాడు, కిటికీ వెలుతురుకు తిప్పాడు. "ఇందులో ఏముంది ఆపా? ఒట్టి చుక్కలే గదా," అన్నాడు.

అల్ఫియా పుస్తకం మూసేసింది. తమ్ముడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియడం లేదు.

అల్ఫియా గుంటూరులో ఆప్టోమెట్రీ చదువుతోంది. మూడో ఏడు ఎలెక్టివ్ ఎంచుకోమంటే స్నేహితురాళ్ళంతా కాంటాక్ట్ లెన్సుల కోర్సుకు ఎగబడ్డారు. తను మాత్రం ఉద్యోగాల్లోకి తీసుకునేముందు చేసే కంటి పరీక్షల కోర్సు తీసుకుంది. దాని మీద ఆదివారాలు అదనపు ట్రైనింగ్ కూడా. ఇంట్లో ఎవరిమీదైనా ప్రాక్టీస్ చేసి రమ్మని మేడమ్ పుస్తకం ఇచ్చి పంపింది. తమ్ముడు దొరికాడు. దొరక్కపోయినా బాగుండేది.

ఎందుకంటే ఆదిల్ రైలు డ్రైవరు ఉద్యోగానికి రాతపరీక్షలన్నీ గట్టెక్కాడు. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే. మాచర్ల స్టేషన్ దగ్గర స్కూటర్లు బాగుచేసే వాళ్ళ నాన్న జబ్బార్, షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ టీ తాగించి మరీ ఆ మాట చెప్పుకున్నాడు. మెడికల్లో కూర్చోబెట్టి చూపించేది సరిగ్గా ఈ చుక్కల పుస్తకమే.

సంగతి విని జబ్బార్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చేయి కడుక్కుని వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏందే, పుస్తకం నీ చేతిలోనే ఉంది గదా. ఏ పేజీకి ఏ నంబరో వాడికి నేర్పలేవా?"

"అది మోసం అబ్బాజాన్. సిగ్నల్ రంగు తెలియనోడు రైలు ఎట్టా నడుపుతాడు?"

"పక్కన ఇంకో డ్రైవరుంటాడులే. నీకు ఇష్టం లేకపోతే చెప్పు. డబ్బు పారేస్తే నేర్పేవాళ్ళు చానామంది ఉన్నారంట."

తల్లి ఖైరున్నీసా కొంగుతో కళ్ళొత్తుకుంది. అల్ఫియా ఇద్దరి మొహాలూ చూసింది.

"ఇంకెవరూ వద్దు. నేనే నేర్పుతా," అంది.

ఆ వారం క్లాసులో మేడమ్, "నంబర్లు బట్టీ పట్టి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళను ఎలా పట్టుకోవాలో నేర్చుకోండి," అంటూ మొదలుపెట్టింది. తన మొహం ఎక్కడ చూస్తుందోనని అల్ఫియా తల వంచుకునే రాసుకుంది.

సెలవు దొరికినప్పుడల్లా ఆమె మాచర్ల వచ్చేది. ఆదిల్ స్టేషన్‌కి ఎదురొచ్చి బ్యాగు మోసుకెళ్ళేవాడు. అక్కా తమ్ముడూ గదిలో కూర్చునేవాళ్ళు. ఆమె పేజీ తిప్పడం, వాడు నంబరు చెప్పడం. తప్పితే మళ్ళీ మొదటినుంచి. పాపం, వాడు కళ్ళు మూసుకుని పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించేవాడు.

"ఈ నంబర్లు యూట్యూబ్‌లో కూడా ఉంటయ్యంటగా?" అన్నాడు తల్లి వినేలా ఒకసారి. వెంటనే వాడే నవ్వి, "వాళ్ళనెవరు నమ్ముతారులే. మా ఆపా చెప్తే చాలు," అన్నాడు.

ఆ మాటకు అల్ఫియా తలెత్తలేకపోయింది. నమాజుకు కూర్చున్నా మనసు నిలవడం లేదు. సొంత తమ్ముడి నెత్తిన ఇంత పాపం పెడుతున్నానే అని కుమిలిపోయేది. ఇక్కడితో ఆపేద్దామనుకునేది. బయట రైలు కూత వినపడితే మాత్రం మళ్ళీ పుస్తకం తెరిచేది.

మెడికల్ రోజు రానే వచ్చింది. సాయంత్రం దాకా జబ్బార్ షెడ్డులో ఒక్క బండీ ముట్టుకోలేదు. ఆదిల్ వచ్చాడు. బ్యాగు కింద పెట్టి, "అన్‌ఫిట్ అన్నారు," అన్నాడు.

జబ్బార్ కొడుకును చూడలేదు. కూతుర్ని చూశాడు. "ఇంత చదువు చదివి తమ్ముడికి నాలుగు నంబర్లు నేర్పలేకపోయావా?" అని బయటికి వెళ్ళిపోయాడు. ఖైరున్నీసా గోడకు ఆనుకుని అలాగే కూలబడింది.

అల్ఫియాకు అంతా తన వల్లేనని తోచింది. ఇక దాచుకోవడం తన వల్ల కాదనిపించింది. తమ్ముణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళింది.

"ఆదిల్, నీకో మాట చెప్పాలిరా."

"ముందు నన్ను చెప్పనీ ఆపా. నువ్వు నేర్పిన నంబర్లన్నీ నాకు నోటికొచ్చు. ఒక్కటీ మర్చిపోలేదు. డాక్టరు పుస్తకం తెరిచాడు. పన్నెండు చెప్పా. ఆ తర్వాత నోరు పెగల్లేదు."

"భయమేసిందా?"

"కాదు. పొద్దున రైల్లో నా పక్కన ఓ ముసలామె కూర్చుంది. దారిలో ఎక్కింది, కూతురి పురిటికి పోతాందంట. డాక్టరు ముందు కూర్చుంటే ఆమే గుర్తొచ్చింది. రేపు ఎర్ర లైటు నాకు తెలీకపోతే ఆమె గతేంది? నాకు కనపడట్లేదు సార్, అని చెప్పేసినా." వాడు అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వంత కష్టపడి నేర్పితే మట్టిలో కలిపేశా. అబ్బాజాన్‌తో నిన్ను మాటలు కూడా పడనిచ్చా. నన్ను మాఫ్ చెయ్యి ఆపా."

అల్ఫియాకు ఏడుపు ఆగలేదు. వాణ్ణి దగ్గరికి తీసుకుంది.

"నువ్వేందో చెప్పాలన్నావు?" అడిగాడు ఆదిల్.

"ఏం లేదురా," అంది.

వాడు ఎలాగూ మోసం చేసే తీరుతాడనుకుని, వాడు ఫెయిలవ్వాలనే, తాను ఇన్నాళ్ళూ నేర్పినవన్నీ తప్పు నంబర్లేనని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది?