అరుగు మీది మాటలు

"ఒరేయ్ అంకారావూ, నేను పోయాక ఆ మామిడితోట..."

"శుభమా అంటూ పొద్దున్నే ఆ మాటలేంటి నాన్నా! తథాస్తు దేవతలుంటారు."

దశరథరామయ్య నోరు మూసుకున్నాడు.

అది భూముల మీద సీలింగు చట్టం వచ్చిన ఏడాది. తిరువూరులో ఏ ఇంట చూసినా పొలాల పంపకాల మాటే. ఈ ఇంట్లో మాత్రం పెద్దాయన ఆ మాటెత్తితే చాలు, పెద్దకొడుకు అంకారావు చెవులు మూసుకునేవాడు. చిన్నకొడుకు మధుసూదనరావు ఏకంగా లేచి వెళ్ళిపోయేవాడు.

తండ్రి నోట చావు మాట వినడమే మహాపాపమని ఇద్దరి నమ్మకం.

పెద్దాయన కండువా దులుపుకుని వీధి అరుగు మీదికి వెళ్ళాడు. అక్కడ ఆదిశేషయ్య ఉన్నాడు.

ఆదిశేషయ్యది నెమలి అనే ఊరు. శనివారం శనివారం సరుకులకని తిరువూరు వచ్చి, తిరుగు బస్సు కోసం వీళ్ళ అరుగు మీద కూర్చుంటాడు. అంతే. చుట్టమూ కాదు, పక్కమూ కాదు.

అలాంటివాడితో దశరథరామయ్య మాట్లాడుతుంటే చూడాలి! చేతులు తిప్పడమేంటి, పకపకా నవ్వడమేంటి, మధ్యలో కళ్ళు తుడుచుకోవడమేంటి!

ఆదిశేషయ్య ఆయన మొహంలోకే చూస్తూ తలూపేవాడు. ఆయన నవ్వితే నవ్వేవాడు. ఏడిస్తే చెయ్యి పట్టుకునేవాడు. బస్సు వచ్చి వెళ్ళిపోయినా లేచేవాడు కాదు.

కిటికీలోంచి చూస్తున్న అంకారావుకి కడుపు రగిలిపోయేది.

"కన్నకొడుకుతో నాలుగు ముక్కలు మాట్లాడడు. ముక్కూ మొహం తెలియనివాడితో గంటలు గంటలు!"

తోట ఎక్కడ పోతుందోనన్న భయం ఒక పక్క. తనతో ఏనాడూ అలా నవ్వలేదే అన్న ఉడుకుమోత్తనం మరో పక్క. తను గడప దాటి వస్తే చాలు, తండ్రి మాట టక్కున ఆగిపోయేది. అది ఇంకా మంట.

ఓ శనివారం 'తోట' అన్న మాట చెవిన పడింది.

తండ్రి మంచినీళ్ళకి లోపలికి వెళ్ళడమే ఆలస్యం, అంకారావు అరుగెక్కాడు.

"ఏమయ్యా, మా తోట మీద కన్నేశావా?"

ఆదిశేషయ్య నవ్వి దండం పెట్టాడు.

"నవ్వుతావేంటి, సిగ్గులేదూ? ముసలాయన్ని మాటల్లో పెట్టి రాయించుకుందామనా?"

ఆదిశేషయ్య తలూపాడు.

ఎంత పొగరు! అంకారావు అతని చేతిసంచి లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాడు.

ఆదిశేషయ్య నవ్వు చచ్చిపోయింది. దుమ్ములో పడ్డ వంకాయలు ఏరుకుని బస్సెక్కాడు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత శనివారం వచ్చిందంటే, దశరథరామయ్య బస్సు ఆగినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

"ఆయన రావడం లేదేంట్రా?"

"నాకేం తెలుసు నాన్నా!" అన్నాడు అంకారావు. లోపల మాత్రం పండగే.

"పోనీ, నువ్వు కూర్చో. ఆ తోట సంగతి..."

"మళ్ళీ మొదలా! నీకేం కాదు. నిండు నూరేళ్ళు బతుకుతావు."

ఆ ఏడు మామిడి పూత రాకముందే పెద్దాయన పోయాడు.

పెద్దకర్మ భోజనాలు అయ్యాయో లేదో, అన్నదమ్ములు తోట కోసం వాదులాటకి దిగారు.

"నాన్న మనసులో అది నాకే ఇవ్వాలనుంది," అన్నాడు మధుసూదనరావు.

"నీతో చెప్పాడా?"

"నీతో చెప్పాడా?"

తండ్రి ఎవరితో చెప్పాడో ఇద్దరికీ తెలుసు. మర్నాడే నెమలి బస్సెక్కారు.

ఆదిశేషయ్య వాకిట్లోనే ఉన్నాడు. అంకారావుని చూసి, సంచి విసిరేసిన ఆ చేతినే పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. వెనక పెద్దాయన కూడా వస్తున్నాడేమోనని వీధి వైపు తొంగి చూశాడు. తర్వాత అన్నదమ్ముల గుండ్లు చూశాడు. బావురుమన్నాడు.

అంకారావుకి తల కొట్టేసినట్టయింది.

"తప్పైపోయిందండీ, క్షమించండి. మా నాన్న అన్నీ మీతోనే చెప్పుకున్నాడు. తోట ఎవరికిమ్మన్నాడో చెప్పండి. మీ మాటే మాకు శాసనం."

ఆదిశేషయ్య కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు.

ఆయన భార్య గోవిందమ్మ మంచినీళ్ళు తెచ్చింది.

"మీ నాన్నగారు ఓసారి మా ఇంటికొచ్చారు బాబూ. 'మా ఇంట్లో నోరు తెరవనివ్వరమ్మా, నా గుండె బరువంతా మీ ఆయన దగ్గరే దించుకుంటున్నా' అన్నారు."

"ఆ మాటలే మాకు కావాలమ్మా! ఒక్కసారి చెప్పమనండి, మీకు పుణ్యముంటుంది."

గోవిందమ్మ ఇద్దరి వంకా జాలిగా చూసింది.

"ఆయనేం చెప్తారు నాయనా? రైసుమిల్లు మోతకి ఏనాడో రెండు చెవులూ పోయాయి, ఆ సంగతి మీ నాన్నగారికి మొదట్నుంచీ తెలుసు."