ఆవగింజంత గుంట

"ఇది మీ కొట్లో చేసిందేనా, పెద్దాయనా?"

కానిస్టేబులు పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. వెండి కఫ్‌లింకు, ఒక్కటే. పైన నీలం మీనా పూత. గాజుపొడి నూరుతున్న ముసలామె చెయ్యి ఆగిపోయింది.

ముసలాయన దాన్ని తీసుకుని అంచంతా బొటనవేలితో నిమిరాడు. కొలిమి దగ్గర కాలి కాలి ఆ వేళ్ళు మొద్దుబారి ఏళ్ళయింది.

"దీని జత ఏదీ?"

"అదే ఉంటే ఇంత దూరం ఎందుకొస్తాను? ఏట్లో కొట్టుకొచ్చిన మనిషి చొక్కాకి ఇదొక్కటే మిగిలింది. పూడ్చి పది రోజులైంది. పేరన్నా తెలిస్తే రాసుకుందామని."

ఆ కొట్లో వెండిపని ఆయనది, మీనా పూత ఆయన తమ్ముడు చిన్నోడిది. తడిపిన గాజుపొడి వెండిలో నింపి కొలిమిలో పెడితే, కరిగి అద్దంలా పరుచుకోవాలి. మూడేళ్ళ కిందట చిన్నోడు తనకోసం చేసుకున్న జతలో ఒకదానికి బుడగ పగిలి ఆవగింజంత గుంట పడింది.

"దీన్ని పనంటార్రా? గొడ్ల మెడలో కట్టు, పో!" అని విసిరికొట్టాడు అన్న.

చిన్నోడు ఆ రెండూ ఏరుకుని, చొక్కాకి పెట్టుకుని గడప దాటాడు. అదే పోవడం.

అప్పట్నుంచీ వీధి తలుపుకి గడియ వేయనివ్వడు ముసలాయన. "వాడొచ్చి తట్టుకుంటూ నిలబడాలా?" అంటాడు. దొంగలు పడతారంటే, "ఏం దోచుకుంటారే, నీ చీపురా?" అని కసురుతాడు.

"నాకు చూపానదు," అన్నాడిప్పుడు కానిస్టేబులుతో. "ఏమే, ఇట్రా, మన పనేనేమో చూడు."

ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అంచున ఆవగింజంత గుంట. అందులో ఏటి మట్టి.

మరిదే గానీ, వాడి ఎనిమిదో ఏట నుంచి ముద్దలు కలిపి పెట్టిన చేతులు ఆమెవి. వెనక్కి తిరిగి మొగుడి ముఖం చూసింది. ఈ మనిషి ప్రాణం ఆ తలుపు మీదే ఉంది.

"నున్నగా ఉందండీ. మనది కాదు."

"సరిగ్గా చూశావా?"

"నావేం మీ కళ్ళా, మసకలు కమ్మడానికి? చిన్నోడి పని నాకు తెలీదూ?"

"అయితే కాదు నాయనా," అన్నాడాయన కానిస్టేబులుతో. "ఎవరి బిడ్డో, పాపం."

కానిస్టేబులు పొట్లం కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ రోలు ముందు కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పొడి పడిందండీ, కంట్లో."

"నీళ్ళతో కడుక్కో," అన్నాడాయన. కొలిమి ఆర్పాడు. పనిముట్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పెట్టాడు.

తర్వాత లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, వీధి తలుపుకి గడియ వేశాడు.