గోధుమరంగు గీత

"అతియా, జర ఆ యాంటీబాడీ సీసా ఇటియ్యి" అన్నాడు విజయ్‌కుమార్, వెనక్కి తిరక్కుండానే.

వికారాబాద్ ల్యాబ్‌కు ఆయనే అధిపతి; చుట్టూ హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణులు నిలబడి ఉన్నారు. అతియా సీసా అందించి పక్కకు జరిగింది.

తాండూరు కందిని ఎండు తెగులు నుంచి కాపాడే ప్రోటీన్. ఏళ్ల తరబడి ఆమె పడ్డ కష్టం అది. ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టడానికి చిన్న తోకలాంటి ముక్క తగిలిస్తున్నానని, దాని గొట్టం ఫ్రిజ్‌లో పై అరలో పెడతానని ల్యాబంతా వినేలా చెప్పింది. నెల తిరక్కుండా గొట్టం మాయమైంది. విజయ్‌కుమార్ కొత్త ప్రోటీన్ కనిపెట్టాడని పేపర్లో వచ్చింది.

అంతకుముందు కూడా ఆమె పని ఒకటి ఆయన పేరు మీదే అచ్చయింది. అడగబోతే, "నువ్వు చేసినవనడానికి సాక్ష్యమేంది?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

తోటి పరిశోధకురాలు నిరోషా చెవి దగ్గరికొచ్చింది.

"గా సీసాల చిటికెడు అజైడ్ ఏస్తే అయిపోతుండె గదక్కా. ఎంజైమ్ సచ్చిపోతుండె, గీత రాకపోతుండె. అందరి ముంగట ఇజ్జత్ పోతుండె."

"ఎందుకు? గీత మంచిగ రావాలె."

"నీకు రోషమే లేదా? ఆనాడు ఫ్రిజ్ సంగతి గూడ డప్పు గొట్టి చెప్తివి."



విజయ్‌కుమార్ ప్రోటీన్ ఎక్కించిన తెల్లటి పొర మీద యాంటీబాడీ పోశాడు. కడిగాడు. రంగు మందు వేశాడు. తోకను మాత్రమే పట్టుకునే ఆ యాంటీబాడీ తోక ఉన్నచోట అతుక్కుంది. దాన్ని అంటిపెట్టుకున్న ఎంజైమ్ మందుకు రంగు తెప్పించింది. పొర మీద గోధుమరంగు గీత తేలింది.

చప్పట్లు.

"మొత్తం మీరు చేసిందేనా?" అడిగాడు నిపుణుల్లో పెద్దాయన.

"మొదటి నుంచి చివరిదాకా నా చేతుల్తోనే సార్. ఇంకెవ్వరూ ముట్టలేదు."

"అయితే మిగిలింది మాకివ్వండి. మా దగ్గర పూర్తిగా పరీక్షించాలి."

విజయ్‌కుమార్ సంతోషంగా గొట్టం మూత బిగించి ఇచ్చాడు.

తాండూరు రైల్లో నిరోషా ఏడ్చినంత పని చేసింది. "నీ కష్టమంత వాని పాలాయె గదక్కా."

అతియా చున్నీ సర్దుకుని, మొదటిసారిగా నవ్వింది.

"వాడు ఎత్తుకపోయిన గొట్టంల నేను తోక తగిలించి పెట్టింది కంది ప్రోటీన్‌కు గాదు నిరోషా, కందికి ఎండు తెగులు తెచ్చే బూజు ప్రోటీన్‌కు."