పాప గది నేల

“ఆ జిగురు వాసనకి పాపకి ఊపిరి అందకపోతే ఏం చేస్తారు?”

నేల పలకల షాపు గడప ఇంకా దాటనే లేదు, అప్పుడే అడిగేసింది పాప అమ్మ. పాప నాన్న నిట్టూర్చాడు. ఒక్క పలకా చూడలేదు, ఒక్క డబ్బా తెరవలేదు, నీకప్పుడే భయం పట్టుకుందా అన్నాడు.

ఎందుకు పట్టుకోదు? పాపకి మూడేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయాసం. ఇప్పటికి రెండుసార్లు ముక్కుకి గొట్టం పెట్టి ఆస్పత్రిలో ఉంచారు. పైగా మంచం మీద పడుకోబెడితే ఊరుకోదు. దొర్లుకుంటూ దిగి, చెంప నేలకి ఆనించి నిద్రపోతుంది. కొత్త ఇంట్లో పాప గదికి ఏ నేల వేస్తే, అందులో ఉన్నదంతా ఆ పిల్ల ఊపిరితిత్తుల్లోకే.

వాళ్ళతో టీచరమ్మ కూడా వచ్చింది. పాప నాన్న గుమస్తాగా ఉన్న బడిలోనే ఆవిడ సైన్సు చెబుతుంది. ప్లాస్టిక్ కలిసినవేవీ వద్దు, భూమికి చెరుపు చేయనిదే వేయాలి అన్న మాట ముందు ఆవిడ నోట్లోంచే వచ్చింది. పాప నాన్న వెంటనే తలూపాడు. పదో తరగతితో చదువు ఆపేసిన పాప అమ్మ ఏం చెప్పినా, ఎన్నేళ్ళు చెప్పినా, అలా ఒక్కసారికే తలూపిన మనిషి కాదు.

షాపతను ఒక్కొక్కటీ తీసి చూపించాడు. వెదురు పలకలు. అవిసె గింజల నూనెతో తయారైన, చాపలా చుట్టగలిగే లినోలియం. కాల్చిన ఎర్రమట్టి బిళ్ళలు. చివరికి బెరడు పలకలు. సీసాలకి బిరడాగా పెట్టే మెత్తటి బెరడే. చెట్టు కొట్టక్కర్లేదు, వలుచుకుంటే మళ్ళీ వస్తుందట.

టీచరమ్మకి వెదురు నచ్చింది. గడ్డిజాతి కదా, కొట్టిన నాలుగైదేళ్ళకే మళ్ళీ ఏపుగా ఎదుగుతుందని చెప్పింది. పాప గది పదకొండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తలుపు పక్కన మూల కాస్త లోపలికి పోయి ఉంటుందని కూడా కాగితం చూడకుండా చెప్పింది.

పాప అమ్మకి ఒళ్ళు మండింది. తనని ఆ ఇంటికి ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. అంతా సిమెంటు దుమ్ము, పాపతో రావద్దన్నారు. టేపు పట్టుకుని గదులు కొలవడానికి ఈవిడకి మాత్రం ఏ దుమ్మూ అడ్డం రాలేదు.

పలకల పెట్టె అట్ట మీద సన్నక్షరాలు చదవడానికి పాప నాన్న జేబులు తడుముకున్నాడు. టీచరమ్మ తన సంచి తెరిచి ఆయన కళ్ళజోడు తీసి ఇచ్చింది. ఆయన పెట్టుకున్నాడు. ఇద్దరికీ అదేం వింతగా అనిపించినట్టు లేదు. పాప అమ్మ మాత్రం ఆ సంచి జిప్పు మూసుకునేదాకా చూస్తూనే ఉంది.

“నాలుగు రకాలూ ఒక్కో ముక్క ఇవ్వండి,” అంది షాపతనితో. “జిగురుతో వేసేవైతే జిగురు పూసి ఇవ్వండి.”

“ఎందుకమ్మా?”

“వాసన చూస్తాను.”

పాప నాన్న నవ్వాడు. టీచరమ్మ వైపు చూసి మరీ నవ్వాడు.

ఇంటికి తెచ్చి, మూత బిగుతుగా పట్టే నాలుగు స్టీలు డబ్బాల్లో ఆ ముక్కల్ని పెట్టింది. వారం పాటు ఎండలో ఉంచి, రోజూ మూతలు తీసి ముక్కు పెట్టింది. వెదురు డబ్బా తీసినప్పుడల్లా కళ్ళు మండి నీళ్ళొచ్చాయి. తప్పు వెదురుది కాదు, దాని పొరల్ని అతికించిన జిగురుది. లినోలియం నూనె వాసన వారమైనా పోలేదు. మట్టి బిళ్ళకి ఏ వాసనా లేదు గానీ చల్లదనానికి పిల్లకి రొమ్ము పట్టేస్తుంది. బెరడు పలకలు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుంటాయి, జిగురే అక్కర్లేదు. ఆ డబ్బాలో ఎండుకట్టెల వాసన తప్ప మరేమీ లేదు.

వారం తిరిగాక మళ్ళీ అందరూ షాపులో కలిశారు. ఈసారి పాప కూడా వచ్చింది. ఎవరి దగ్గరికీ పోని పిల్ల, టీచరమ్మ చెయ్యి చాపగానే ఆవిడ చంకెక్కింది. కాసేపటికి ఆ భుజం మీదే నిద్రపోయింది. పాప అమ్మ చేతులు చాచింది. నిద్ర చెడుతుంది, ఉండనివ్వన్నాడు పాప నాన్న. ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక ఆమె డబ్బాల మూతలు తీయడం మొదలుపెట్టింది.

“ఇది చూడండి టీచరుగారూ. మీ వెదురు.”

ఆవిడ వంగి చూసింది. తుమ్మింది. పాప నాన్నే అందుకుని, కొత్తలో అలాగే ఉంటుంది, నాలుగు రోజులు కిటికీలు తీసిపెడితే సరి, చదువుకున్న మనిషి ఊరికే చెబుతుందా అన్నాడు.

“చదువుకున్న మనిషి రాత్రంతా పిల్ల వీపు రాస్తూ కూర్చుంటుందా?” అంది పాప అమ్మ.

షాపతను ఇలాంటివి రోజూ చూస్తాడు. రసీదు పుస్తకం సర్దుకుని, వెదురో బెరడో తేలితే రేపే మేస్త్రిని పంపిస్తానన్నాడు. ఎంతమంది ఎన్ని చెప్పినా చివరికి ఇంటావిడ మాటే మాట అంటూ పాప అమ్మ వైపు తిరిగాడు.

“చెప్పండమ్మా. మీ ఇంటికి ఏది వేయమంటారు?”

పాప అమ్మ చేతిలోని డబ్బా మూత మళ్ళీ బిగించింది. పాప నాన్న గోడకున్న నమూనాల వైపు తిరిగి నిలబడిపోయాడు. బయట ఎవరో లారీలోంచి బిళ్ళల పెట్టెలు దింపుతున్నారు. టీచరమ్మ పాపని భుజం మీద సర్దుకుంది.

“ఇప్పుడు ఈయన ఇంటావిణ్ణి నేనండీ,” అంది టీచరమ్మ మెల్లగా, “కానీ శని ఆదివారాలు మా ఇంటికొచ్చి పడుకునే ఈ పిల్లకి అమ్మ ఆవిడ, ఏ నేల వేయాలో ఆవిణ్ణే చెప్పనివ్వండి.”