పేరు చెప్పందే దించను

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఉరుకుంద తిరునాళ్లకు ఇంజను రాట్నం వచ్చిందన్న కబురు మోసుకొచ్చినవాడు బసవన్న.

సైకిలు గోడకు ఆనించకముందే పెళ్లానికి చెప్పేశాడు.

"తాటిచెట్టంత ఎత్తుకు తిరుగుతాదంట గిరిజా. పోయినేడు దాకా నాలుగు కొయ్యగుర్రాలే గదా. ఇప్పుడు నవ్వించే అద్దాల డేరా ఉండాది, చందమామ మీద కూచోబెట్టి ఫొటో తీసేటోడు ఉండాడు."

గిరిజ చేతిలో చాట అట్లాగే నిలిచిపోయింది. ఆషాఢం పుట్టింట గడిపి, కోసిగిలో అత్తగారింటికి అప్పుడే వచ్చిన కొత్త కోడలు. అనంతపురంలో కాలేజీ చదువు చదివింది. అయినా బొరుగుల పొట్లం విప్పితే చాలు, ఆమెకు పండగే.

"మనం ఎక్కుదాం," అంది.

నట్టింట్లోంచి అత్త గంగక్క గొంతు వచ్చింది.

"ఏమెక్కేది? చూసి రావాల, అంతే. మన ఇంట్లో ఆడోళ్లు ఊగరు."

అది నిజమే. నాగుల పంచమికి ఊరంతా దూలాలకు ఉయ్యాలలు కడుతుంది. కొత్త కోడలినైనా, పెళ్లి కుదిరిన పిల్లనైనా కూచోబెట్టి, మొగుడి పేరు చెప్పేదాకా కిందికి దించరు. ఈ ఇంట్లో మాత్రం ఉయ్యాల కట్టరు.

ఎందుకని అడిగితే, ఇంటి పెద్ద నరసింహ, బసవన్న పెదనాయన, "అచ్చిరాదు" అన్నాడు. ఆయన ఆ మాటంటే ఇంకెవరూ నోరెత్తరు.

"పెదమామ ఉయ్యాల వద్దన్నాడు. రాట్నం వద్దనలేదు గదత్తా," అంది గిరిజ.

బసవన్న నవ్వాపుకోలేక సైకిలు గంట తుడవడం మొదలుపెట్టాడు.

పంచమికి ముందురోజు, తెల్లవారుతూనే తల్లీ కొడుకూ కోడలూ ముగ్గురూ బండి కట్టుకొని పోయారు.

అద్దాల డేరాలో బసవన్న గుమ్మడికాయలా కనపడ్డాడు. ఇంత మనిషికి ఎన్ని రొట్టెలు కాల్చాలని గిరిజ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అట్టతో చేసిన చందమామ మీద ఇద్దరూ కూచుని ఫొటో తీయించుకుంటే, గంగక్క మొహం అటు తిప్పుకుంది.

రాట్నం దగ్గర మొగవాళ్లే వరసగా నిలబడి ఉన్నారు. గిరిజ పోయి ఆ వరసలోనే నిలబడింది.

"యాడికమ్మా? ఇది ఆడోళ్లకు గాదు," అన్నాడొక మీసాలాయన.

"ఎవరన్నారు?"

"ఎవరో అనాల్నా? గాలికి నీ చీర లేస్తే కింద మేమంతా చూడాల్నా?"

"చూడొద్దనుకుంటే గుడి పక్కకు తిరిగి నిలబడన్నా."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంజను పక్కన డబ్బా మీద కూచున్న ముసలామె లేచింది. నెత్తికి తువ్వాలు, కళ్లకు నల్లద్దాలు, చేతులనిండా నూనె మసి.

"రా తల్లీ. నీకు తోడు నేనుంటా," అని రాట్నం తొట్టిలో ముందు తనే కూచుంది.

గిరిజ ఎక్కేసరికి గంగక్క పరిగెత్తుకొచ్చింది.

"ఎవతివే నీవు? ఇంటి గడప లేనిదానా. ఊరూరా తిరిగేదానివి, మా కోడలికి బుద్ధులు నేర్పుతాండావా?"

ముసలామె గంగక్క వైపు కాసేపు చూసి, ఇంజను దగ్గర మనిషికి చెయ్యూపింది.

కాళ్ల కింద నేల జారిపోయింది. పైకి పోయి రాట్నం ఆగింది. గుడి గోపురం కిందుంది. దూరంగా జొన్నచేల అవతల కోసిగి కొండ, గుప్పిట్లో పట్టేంత.

"ఇప్పుడు మొగుని పేరు చెప్పు. చెప్పందే దించను," అంది ముసలామె.

"ఈడ గూడానా అవ్వా?"

"ఇదీ ఉయ్యాలే గదా. మా చెల్లెలు నన్నిట్లే ఊపింది. పొట్టిది, మొండిది. దించనంటే దించలేదు."

"నీవు చెప్పినావా?"

"చెప్పినా. ఇంట్లో కుదిర్చిన పేరు గాదు. తిరునాళ్లలో కొయ్యగుర్రాలు తోసే ఉరుకుందు అనేటోని పేరు చెప్పినా. ఆ పొద్దే గడప దాటించినారు. ఈ రాట్నం ఆయప్పకు శానా ఆశ. ఆయప్ప పోయినాక నేను చేయించినా."

"భయమేయలేదా?"

"చెప్పకుంటే ఏసేది."

గిరిజ కిందికి వంగింది. తిరునాళ్లంతా వినేటట్టు, "బసవన్నా" అని పిలిచింది.

కింద బసవన్న తలగుడ్డ తీసి గాల్లో ఊపాడు. గంగక్క కొంగు మొహానికి కప్పుకుంది.

దీపాలు పెట్టే వేళకు బండి ఇంటి ముందు ఆగింది. బండికంటే ముందే కబురు చేరింది. నరసింహ అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"మొగుని పేరు తిరునాళ్లలో అరిచినావంట?"

"అరిచినా పెదమామా. చెప్పందే దించనన్నాది, రాట్నం గలామె."

"ఎవతె అది?"

"పేరడగలేదు. పెండ్లి కుదిరినప్పుడు ఆమెను వాళ్ల చెల్లెలు ఉయ్యాల మీద అట్లే పట్టుకుందంట. కొయ్యగుర్రాల ఉరుకుందు పేరు చెప్పిందని ఇంట్లో వాళ్లు ఎల్లగొట్టినారంట."

నరసింహ అరుగు అంచు తడుముకొని కూచున్నాడు.

బండి దిగుతున్న గంగక్క, ఒక కాలు నేల మీద, ఒక కాలు బండిలో, అట్లాగే ఉండిపోయింది.

"ఆ చెల్లెలు ఎట్లాంటిదంట?" అనడిగింది.

"పొట్టిది, మొండిది అన్నాది అత్తా."

గంగక్క మెల్లగా రెండో కాలు దించింది.

"ఇంటి గడప లేనిదానా అంటిని," అంది, తనలో తానే.

"లోపలికి పో గంగా. ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు," అన్నాడు నరసింహ.

గంగక్క లోపలికి పోలేదు. కొంగు నడుముకు బిగించింది.

"నీకు కుదిర్చిన పిల్ల నీ పేరు చెప్పలేదనే గదా బావా, ఇన్నేండ్లూ ఈ ఇంట్లో ఉయ్యాల కట్టనీయలేదు."

గంగక్క కొడుకు వైపు తిరిగింది.

"బసవా, ఎద్దులకు మేతెయ్యి. పొద్దున్నే మళ్లా ఉరుకుందకు పోవాల. వచ్చినాక నట్టింటి దూలానికి ఉయ్యాల కట్టు. రేపు పంచమి, మా అక్కను నేనే ఊపాల."